ఆంబ్రోస్ మామ పెట్టిన పాకం రొట్టె

అదిగో, మీరూ ఆ మాటే అనబోతున్నారు. అనకండి. గెర్టీ టోబిన్ సమాధి మీద మట్టి ఇంకా తడిగా ఉండగానే, చర్చి హాల్లో కూర్చుని, ఆమె నేర్పిన ఎండుద్రాక్షల కేకు కొరుక్కుంటూ ఆ మాట అన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. "పాపం, షుగర్ మనిషి. తీపి మీద ఆశ మాత్రం చంపుకోలేకపోయింది." ఒకరు అన్నారు, పక్కన ముగ్గురు తలలూపారు.

ఆశట! తొమ్మిదేళ్ళ వయసు నుంచి అరవై దాటేదాకా ఒక్క రోజు కూడా తప్పకుండా తన ఒంట్లో తనే సూది గుచ్చుకున్న మనిషి. ఎంత తింటే ఎంత మందు, ఎంత నడిస్తే ఎంత తక్కువ, అన్నీ బుర్రలోనే లెక్క వేసుకుని బతికిన మనిషి. ఆమె జేబులో పంచదార బిళ్ళ నోట్లో వేసుకున్నది ఆశకి కాదు. ఆ నిమిషంలో వేసుకోకపోతే కింద పడిపోతుంది కనక వేసుకున్నది. ఈ చిన్న సంగతి డోరీ కోవ్ అనే ఆ చేపల రేవు వాళ్ళ బుర్రకెక్కించడానికి ఆమెకి బతుకంతా పట్టింది. ఎక్కిందనుకుంది. ఎక్కలేదని ఆ హాల్లో తెలిసిపోయింది.

సరే, మొదటి నుంచీ చెప్పుకుందాం.

గెర్టీ చిన్నప్పుడు ఆ రేవులో తలుపు తట్టి ఇంట్లోకి వచ్చేది పోలీసొక్కడే. మిగతా వాళ్ళంతా వెనక తలుపు తోసుకుని వంటింట్లోకి వచ్చేసేవాళ్ళు. పిల్లలైతే చెప్పనక్కర్లేదు. ఆకలేసినప్పుడు ఏ ఇల్లు దగ్గరుంటే ఆ ఇల్లే. ఎవరింట్లో దూరినా రొట్టె ముక్క కోసి, దాని మీద నల్ల బెల్లప్పాకం ధారగా పోసి చేతిలో పెట్టేవారు. వేలి సందుల్లోంచి కారుతున్న పాకం నాక్కుంటూ పిల్లలు మళ్ళీ ఒడ్డుకి పరిగెత్తేవారు. ఆ పాకం రొట్టె తినకుండా పెరిగిన పిల్ల ఆ రేవులో ఒక్కతీ లేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, పని ఉంది.

తొమ్మిదో ఏట, చేపల పని అయిపోయి చలి మొదలవుతున్న రోజుల్లో, గెర్టీకి దాహం పట్టుకుంది. మామూలు దాహం కాదు. బకెట్‌లో ముఖం పెట్టి తాగేది. తాగినదంతా పోసేసేది. పక్క తడిపితే అక్క మోనికా తిట్టిపోసేది. ఎంత తింటున్నా పిల్ల చిక్కి పుల్లైపోయింది. ఒకరోజు ఊపిరి మగ్గిన పళ్ళ వాసన కొట్టి, కళ్ళు తేలేస్తే, తండ్రి పడవలో వేసుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. చావు దాకా వెళ్ళి తిరిగొచ్చింది. వస్తూ గాజు సిరంజి, సూదులు, ఇన్సులిన్ సీసా తెచ్చుకుంది.

ఆసుపత్రిలో నర్సు తల్లి ఆగ్నెస్‌ని కూర్చోబెట్టి రెండు సంగతులు చెప్పింది. ఒకటి, తీపి ఎప్పుడు పడితే అప్పుడు పెట్టకండి. రెండు, పిల్ల వణికి, చెమట పట్టి, పిచ్చి పిచ్చిగా మాట్లాడితే వెంటనే తీపి పెట్టండి, ఆలస్యం చేస్తే ప్రాణం పోతుంది. ఆగ్నెస్ భయంతో సగం చచ్చి ఉంది. మొదటి మాట చెవిలో పడింది. రెండో మాట చెవి పక్కనుంచి పోయింది.

దానికి తోడు రేవులో ఆడవాళ్ళు ఊరుకున్నారా? "పాకం మరీ ఎక్కువ పోసేదే ఆగ్నెస్, నేను అప్పుడే అనుకున్నాను" అని ఒకావిడ. "గారాబం" అని ఇంకొకావిడ. అంత పాకం తమ పిల్లలకీ పోశారు కదా, వాళ్ళకెందుకు రాలేదు? ఎవరూ అడగలేదు. ఆగ్నెస్ కూడా అడగలేదు. తప్పు తనదేనని ఆ వెర్రితల్లి నమ్మేసింది.

ఆ నమ్మకంతోనే ఆమె ఫాదర్ దగ్గరికి వెళ్ళింది. ఈస్టర్ ముందు నలభై రోజుల తపస్సుకాలం మొదలవబోతోంది. అందరూ ఏదో ఒకటి మానేసే రోజులు. ఒకరు పొగాకు, ఒకరు పేకాట, పిల్లలైతే మిఠాయి. ఆగ్నెస్ అడిగిందని ఫాదర్ ఆదివారం పూజలో చెప్పాడు: "ఈ ఏడు మన రేవంతా కలిసి గెర్టీ కోసం ఒక మొక్కు మొక్కుకుందాం. ఎవరి చేతి మీదుగానూ ఆ పిల్లకి తీపి అందకూడదు. ఏడ్చినా సరే, బతిమాలినా సరే."

అందరూ ఆమెన్ అన్నారు. కొట్టువాడు అన్నాడు, బడి పంతులమ్మ అన్నది, జ్ఞానస్నానం నాడు గెర్టీని చేతుల్లో ఎత్తుకున్న రోజ్ అత్త ఏడుస్తూ అన్నది. ప్రేమతోనే అన్నారు, దాన్ని కాదనడానికి లేదు. ఈస్టర్ వచ్చింది, అందరి ఉపవాసాలూ అయిపోయాయి. గెర్టీ మొక్కు మాత్రం ఎవరూ విప్పలేదు.

మే నెలలో ఒక మధ్యాహ్నం. మంచు ముక్కలు ఇంకా నీళ్ళలో తేలుతున్నాయి. గెర్టీ కొండ మీద మేకపిల్లల వెంట పడి పరిగెత్తి పరిగెత్తి దిగింది. కాళ్ళు తేలిపోయాయి. చేతులు వణుకుతున్నాయి. కళ్ళ ముందు రేవంతా రెండుగా కనిపిస్తోంది. దగ్గరున్నది రోజ్ అత్త ఇల్లే. వెనక తలుపు తోసుకుని వెళ్ళింది.

"అత్తా, పాకం రొట్టె."

రోజ్ అత్త చేతిలో పిండి, కళ్ళలో నీళ్ళు. "అడక్కే తల్లీ. నీకు పెట్టకూడదు."

"ఆకలేస్తోంది అత్తా. ఒక్క ముక్క."

"సైతాను అడిగిస్తున్నాడమ్మా నీ చేత. రా, నా పక్కన కూర్చో."

పంచదార వెయ్యని టీ కప్పులో పోసి పిల్ల ముందు పెట్టింది. వణుకుతున్న చేతుల్ని తన చేతుల్లో పట్టుకుని జపమాల మొదలుపెట్టింది. ఆ పిల్ల అరవాలనుకుంది, నోరు తిరగలేదు. పొయ్యి పక్కన గట్టు మీద, చెయ్యి చాపితే అందేంత దూరంలో పాకం డబ్బా ఉంది. దాని మూత చుట్టూ కారి గడ్డకట్టిన పాకం గెర్టీకి ముసలితనంలో కూడా కళ్ళకి కట్టినట్టు కనిపించేది. రోజ్ అత్త కళ్ళు మూసుకుని మూడో జపంలో ఉండగా పిల్ల చేతులు విడిపించుకుని బయటపడింది.

ఎటు నడుస్తోందో తెలియదు. కింద, చేపలు కోసే చెక్కల పాక దగ్గర ఆంబ్రోస్ మామ వల బాగుచేసుకుంటున్నాడు. ఆంబ్రోస్‌కి ఇదివరకటి ఫాదర్‌తో ఏదో తగాదా. భార్య పోయినప్పటి నుంచీ చర్చి గడప తొక్కలేదు. కూతురు ఎల్సీ వెళ్ళేది గానీ, చర్చిలో విన్నది తండ్రికి చెప్పే అలవాటు ఆ ఇంట్లో లేదు. కాబట్టి ఆ రేవు మొత్తంలో మొక్కు సంగతి తెలియని మనిషి ఆయనొక్కడే.

"ఏంటే పిట్టా, తాగొచ్చావా? నడక చూస్తే నాకంటే ఎక్కువ తాగినట్టుంది!"

గెర్టీ చేపల తొట్టి పక్కన చతికిలబడింది. ఆయన దగ్గరికొచ్చి నుదురు ముట్టుకున్నాడు. తడి బట్టలా ఉంది.

"పొద్దున్నుంచీ ఏమీ తినలేదేంటే నువ్వు?"

తన మధ్యాహ్నం రొట్టె తీశాడు. మందంగా, పాకం లోపలిదాకా ఇంకి నల్లబడిన రొట్టె. ముక్క తుంచి చేతిలో పెట్టాడు. ఆమె మింగింది. ఇంకో ముక్క. ఇంకోటి. కాసేపటికి రేవు మళ్ళీ ఒక్కటైంది. పడవలు ఎన్ని ఉన్నాయో అన్నే కనిపించాయి.

"మామా, నీ గడ్డానికి చేప పొలుసు అంటుకుంది," అంది గెర్టీ.

"బతికావు పో. నోరు లేచింది," అని నవ్వాడాయన.

ఆ రొట్టే ఆయన పీకల మీదికి తెచ్చింది. పిల్ల మూతి నిండా పాకంతో ఇంటికి వెళ్ళింది. మోనికా చూసింది, అరిచింది. సాయంత్రానికి రేవంతా తెలిసిపోయింది. ఆంబ్రోస్ షుగర్ పిల్లకి పాకం పెట్టాడు! మొక్కు పాడుచేశాడు! దేవుడంటే లెక్కలేని తాగుబోతు! మగవాళ్ళు వచ్చి ఆయన పాక ముందు నిలబడి నానా మాటలూ అన్నారు. ఆయన ఒకటే అన్నాడు: "ఆకలేసిన పిల్లకి తిండి పెట్టాను. ఇందులో దేవుడెందుకొచ్చాడు?" ఆ మాటతో ఇంకా మండిపోయారు. ఆ ఏటి నుంచి ఆయన పడవలోకి సాయానికి రావడానికి ఎవరూ ఒప్పుకోలేదు. బడిలో ఎల్సీని "విషం పెట్టినోడి కూతురు" అన్నారు. మొదట అన్నది మోనికాయే. పదహారు నిండగానే ఎల్సీ పట్నం వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ రేవు మొహం చూడలేదు. తండ్రి పోయినప్పుడు శవాన్నే తన దగ్గరికి తెప్పించుకుంది.

ఇక్కడ అసలు ఒళ్ళు మండే సంగతి వినండి. రెండు నెలలకి ఆ ఆసుపత్రి నర్సే పడవలో రేవులన్నీ తిరుగుతూ డోరీ కోవ్‌కి వచ్చింది. గెర్టీ జరిగిందంతా చెప్పింది. నర్సు ఆగ్నెస్ వైపు తిరిగి, "ఆ పెద్దమనిషి నీ బిడ్డని బతికించాడమ్మా. నేను చెప్పిన రెండో మాట ఏమైంది?" అంది.

ఆగ్నెస్ తలుపు దగ్గరకి వేసింది, రేవులో ఎవరూ వేయని తలుపు.

"ఇప్పుడు నేను వెళ్ళి ఫాదర్ చెప్పింది తప్పని ఎలా చెప్పను? నేనే కదా చెప్పించింది," అంది. "నన్ను బతకనిస్తారా?"

చెప్పలేదు. గెర్టీ కోటు లోపల చిన్న సంచి కుట్టి, పంచదార బిళ్ళలు వేసింది. "వణికితే నోట్లో వేసుకో. ఎవరికీ కనిపించకు," అంది. ఆ తల్లి బిడ్డని కాపాడింది. ఆంబ్రోస్‌ని మాత్రం వదిలేసింది.

అప్పటి నుంచి గెర్టీ దొంగ అయిపోయింది. చర్చి వెనకాల, బడి మరుగుదొడ్లో, పడవ చాటున, ఎక్కడ వణుకు వస్తే అక్కడ దాక్కుని పంచదార నమిలేది. ఎప్పుడో ఒకసారి ఎవరో చూసేవారు. "తనని తనే చంపుకుంటోంది" అనేవారు. పెద్దయ్యాక చేపల ఫ్యాక్టరీలో చేరితే అక్కడా అంతే. రబ్బరు ఏప్రాన్ కింద బిళ్ళ కోసం తడుముకుంటుంటే పక్కావిడ మోచేత్తో పొడిచి, "మళ్ళీనా గెర్టీ? మీ అమ్మ బతికుంటే ఏడ్చేది" అనేది.

చెప్పలేదా అంటే చెప్పింది. "ఇది మీ తాతకి వచ్చిన షుగర్ కాదమ్మా. ఆయనకి ఒంట్లో ఇన్సులిన్ ఉంది, సరిగ్గా పని చెయ్యలేదు. నాకు అసలు తయారే కాదు. నా ఒళ్ళే నా క్లోమం మీద పడి దాన్ని పాడుచేసుకుంది. ఎవరో ఏదో తినిపించి తెచ్చింది కాదు. బయటనుంచి మందు పొడుచుకుంటాను. మందు ఎక్కువైనా, పని ఎక్కువైనా షుగర్ పడిపోతుంది, అప్పుడు తీపి కావాలి." ఎన్ని సార్లు చెప్పిందో! వాళ్ళు జాలిగా తలూపి "అవును తల్లీ, అవును" అనేవారు. అటు తిరిగి కేకు ప్లేటు ఆమెకి అందకుండా జరిపేవారు.

ఒక్క మనిషి విన్నాడు. పడవ పని చేసే సిరిల్. పెళ్ళి చూపుల్లాంటివేమీ లేవు. హాల్లో డాన్సులో ఆమె నడుము పట్టుకుంటే చెమటతో తడిసి ఉంది. "ఇంత వేడిగా ఉందా నేనంటే?" అన్నాడు. "వెధవ్వేషాలు మాని సోడా తీసుకురా, పడిపోతున్నాను," అంది. తెచ్చాడు. ఎందుకని అడగలేదు. తాగింది. అక్కడ కుదిరింది వాళ్ళకి.

షుగర్ పడిపోయినప్పుడు గెర్టీకి కోపం వచ్చేది, ముందు నోరే లేచేది. సిరిల్ అది కనిపెట్టాడు. ఆమె తిట్టడం మొదలుపెట్టగానే తియ్యటి టీ కప్పు పట్టుకుని నిలబడేవాడు. "చూడు, ఇప్పుడు నిజంగా తిడుతున్నావా, షుగర్ పడిపోయి తిడుతున్నావా? ముందు తేల్చు. నిజంగా తిడుతుంటే ఈ టీ నేను తాగేస్తాను." సగం సార్లు నిజంగానే తిట్టేది. అయినా టీ మాత్రం ఆమే తాగేది.

ప్రభుత్వం కాడ్ చేపల వేట ఆపించిన ఏడు ఫ్యాక్టరీ మూతపడింది. పిల్లలు లేరు. సిరిల్ గుండెతో పోయాడు. మోనికా మనవరాలు నోరాయే గెర్టీకి మిగిలిన చిన్నపిల్ల. ఏడేళ్ళప్పుడు ఆ నోరాకి దాహం పట్టుకుంది.

గెర్టీ ఆ పిల్ల నీళ్ళు తాగడం ఒక్కసారి చూసింది, అంతే. "కారు తియ్యవే మోనికా. ఇప్పుడే." ఆసుపత్రిలో టైప్ వన్ అని తేలేసరికి మోనికా గోడకి ఆనుకుని కూలబడింది. గెర్టీ మాత్రం లోపల్నుంచి ఉడికిపోయింది. జబ్బు మీద కాదు. జబ్బుతో బతకొచ్చని ఆమెకి తెలుసు, తనే సాక్ష్యం. రేవు మీద. వీళ్ళు ఈ పిల్లని కూడా దొంగని చేస్తారు. వణుకుతున్న పిల్ల చేతిలోంచి ముద్ద లాగేసుకుని జపమాల తిప్పుతారు. ఈసారి చెక్కల పాక దగ్గర ఆంబ్రోస్ మామ ఉండడు.

ఆమె భయపడినట్టే అయింది. ఇప్పుడు చేతికి ఒక బిళ్ళ అంటించుకుంటే చాలు, షుగర్ ఎంతుందో ఫోన్ చెప్పేస్తుంది, పడిపోతే కుయ్యోమంటుంది. మంచి వస్తువే. ఆగస్టులో చర్చి గార్డెన్ పార్టీ. హాలు బయట గడ్డి మీద బల్లలు, చల్లటి కోడి, బంగాళదుంప సలాడ్, సీసాల్లో నీళ్ళు కలిపిన ఎర్ర పళ్ళ సిరప్. నోరా గోనెసంచి పరుగులో పరిగెత్తింది. నడుముకి కట్టిన చిన్న సంచిలో ఫోన్ కుయ్యోమంది. పిల్ల వచ్చి టీ బల్ల దగ్గర సిరప్ గ్లాసు అందుకుంది.

ఆ బల్ల పెత్తనం మోనికాది. "వద్దు బంగారం, వద్దు!" గ్లాసు లాక్కుంది. "చూడు, యంత్రం కూడా అరుస్తోంది. షుగర్ ఎక్కువైందని చెబుతోంది."

"కాదు అమ్మమ్మా, తక్కువ…"

"అబద్ధాలు నేర్చిందే," అంది సలాడ్ వడ్డిస్తున్న ఆవిడ. "తీపి కోసం ఎంత మాటైనా చెబుతారు ఈ వయసులో."

"మా చిన్నప్పుడు గెర్టీ కూడా ఇంతే," అంది మోనికా.

పిల్ల పెదాలు తెల్లబడ్డాయి. మోకాళ్ళు మడిచి గడ్డి మీద కూర్చుండిపోయింది. "మారాం చేస్తోంది" అన్నారెవరో. గెర్టీ అవతలి చివర టీ పోస్తోంది. తల తిప్పి చూసింది. టీ పాత్ర కుళాయి అలాగే వదిలేసి, ఆ వయసులో, ఆ మోకాళ్ళతో ఉరికింది. గ్లాసు మోనికా చేతిలోంచి లాక్కుని, గడ్డిలో కూర్చుని, పిల్ల నోటికి అందించింది.

"తాగు నాన్నా. నిదానంగా. అదీ."

"నీకేమైనా మతిపోయిందా?" మోనికా గొంతు పార్టీ అంతా వినిపించింది. "నువ్వంటే నీ ఇష్టమొచ్చినట్టు తిన్నావు. పిల్లని కూడా పాడుచేస్తావా?"

గెర్టీ పిల్ల గ్లాసు ఖాళీ చేసేదాకా ఆగింది. బుగ్గల్లోకి రంగు వచ్చేదాకా ఆగింది. నోరా "గెర్టీ అమ్మమ్మా, నీ టీ అంతా నేల మీద పోతోంది" అన్నాక అప్పుడు లేచింది. బహుమతి కోడికి లాటరీ చీటీల నంబర్లు చదువుతున్న జెరాల్డ్ దగ్గరికెళ్ళి మైకు లాక్కుంది.

"ఇంకా మూడు నంబర్లున్నాయి గెర్టీ," అన్నాడు పాపం.

"నీ కోడి ఎక్కడికీ పోదు, కూర్చో." మైకులోకి తిరిగింది. "అందరూ చెవులు పెట్టి వినండి. చిన్నప్పటి నుంచీ చెబుతున్నాను, ఒక్కడూ వినలేదు, ఇవాళ మైకులో చెబుతున్నాను. ఈ పిల్లకి వచ్చింది తీపి తిని వచ్చింది కాదు. నాకు వచ్చిందీ అలా కాదు. పాకం రొట్టెకి వచ్చేదైతే ఈ రేవులో మీరందరూ సూదులు పొడుచుకుంటూ ఉండాలి. పిల్ల వణికినా, చెమట పట్టినా, తెల్లబడినా, తాగినవాడిలా మాట్లాడినా తీపి పెట్టండి. రసమో, సిరపో, పాకమో, ఏదుంటే అది. అడగకండి, ఫోన్లు చెయ్యకండి, జపమాలలు తియ్యకండి. ముందు పెట్టండి. స్పృహ తప్పిందనుకోండి, అప్పుడు మాత్రం నోట్లో ఏమీ పొయ్యకండి, పక్కకి తిప్పి పడుకోబెట్టి అంబులెన్స్‌ని పిలవండి. ఇంతే. ఇంత చిన్న సంగతి."

ముందు వరసలో కుర్చీలో ఒక ముసలావిడ మెల్లగా అంది: "మరైతే ఆంబ్రోస్…"

"అవును. ఆంబ్రోస్ మామ," అంది గెర్టీ. "ఆయన నన్ను చంపబోయాడని మీరందరూ ఆయన్ని వెలివేశారు. ఆయన నన్ను బతికించాడు. నర్సు చెప్పింది. మా అమ్మకి తెలుసు. భయపడి చెప్పలేదు. నేను చెబితే మీరు వినలేదు."

మైకు జెరాల్డ్ చేతిలో పెట్టేసింది. మోనికా దారికి అడ్డం నిలబడింది, ముఖం కందిపోయింది.

"నాకెందుకు చెప్పలేదే? సొంత అక్కని!"

"చెప్పానే. పన్నెండేళ్ళప్పుడు చెప్పాను, పెళ్ళిలో చెప్పాను, అమ్మ పోయినప్పుడు చెప్పాను. ప్రతిసారీ నా ప్లేటులోంచి కేకు తీసేస్తూనే విన్నావు నువ్వు."

అక్కడితో అయిపోయిందనుకుంటున్నారా? ఆ రేవు వాళ్ళు మీకు తెలియదు. వాళ్ళు ఏది చేసినా అందరూ కలిసి, ఒకేసారి, మునిగేదాకా చేస్తారు. మరుసటి వారం నుంచి నోరా ఏ వెనక తలుపు తోసినా తీపే. ఒకరు పాకం రొట్టె, ఒకరు జామ్, ఒకాయన చాక్లెట్ డబ్బా మొత్తం. పిల్ల షుగర్ ఆకాశానికి ఎక్కి కూర్చుంది, ఫోన్ రోజంతా కుయ్యోమంటూనే ఉంది. గెర్టీ మళ్ళీ చెప్పులేసుకుంది.

"వణికితేనే! వణికితేనే అన్నాను! మీ చెవుల్లో ఏం పోసుకున్నారు?"

"నువ్వే కదా మైకులో…"

"మామూలప్పుడు పిల్ల తినేదానికి లెక్క చూసి మందు వేసుకుంటుంది. మీరు చాటుగా కుక్కితే ఆ లెక్క ఎవడు వేస్తాడు? తినొద్దని కాదు. వాళ్ళమ్మకి చెప్పి పెట్టండి."

ఇంటింటికీ తిరిగి, వెనక తలుపు పక్కన కిటికీ గట్టు మీద ఒక చిన్న సీసాలో పాకం పోసి పెట్టించింది. వణికితే ఇది, లేకపోతే ముట్టుకోవద్దు. కోప్పడుతూ, నవ్వుతూ, టీలు తాగుతూ చలికాలం వచ్చేలోపు రేవంతటినీ తన దారికి తిప్పేసింది. నవంబర్‌లో బడి నుంచి వస్తూ నోరా వణికి, దగ్గర్లో ఉన్న ఇంటి తలుపు తోసింది. మామూలుగా ఎవరినీ పలకరించని ఒక ముసలాయన ఇల్లు అది. ఆయన సీసా తీసి చెంచాతో పెట్టి, పిల్ల కుదుటపడేదాకా పక్కన కూర్చున్నాడు. ఆ కబురు విన్న రోజు గెర్టీ వంటింట్లో ఒక్కతే కూర్చుని ఏడ్చింది. మోనికా చూసింది. టీ పెట్టింది. కప్పులో పంచదార వెయ్యాలా వద్దా అని చెంచా పట్టుకుని నిలబడింది.

"అడుగు," అంది గెర్టీ. "అడిగితే చెబుతాను కదా."

"వెయ్యనా?"

"వద్దు. ఇప్పుడు బాగానే ఉన్నాను."

ఆ తరవాత ఒక్క పని మిగిలింది. ఎల్సీ పట్నంలో వృద్ధాశ్రమంలో ఉందని గెర్టీ కనుక్కుంది. బతికే ఉంది, బుర్ర బాగానే ఉంది, కాళ్ళే ఆడవు. ఫోన్ చెయ్యవే అంది మోనికా. "ఫోన్లో చెప్పే మాటేనా అది? మీ నాన్న తప్పు చెయ్యలేదని, ఇన్నాళ్ళ తరవాత, ఫోన్లోనా?" అంది గెర్టీ. రొట్టె చేసింది. ఆంబ్రోస్ చేసుకునే పద్ధతిలో, మందంగా, పాకం లోపలిదాకా ఇంకేలా. మోనికా కారులో తీసుకెళ్ళాలి. శనివారం బయల్దేరాల్సింది. మోనికా పొగమంచు అంది. నిజానికి పొగమంచు అంతేం లేదు. ఎల్సీ మొహం చూడటానికి మోనికాకి కాళ్ళు రాలేదు. బడిలో ఆ మాట మొదట అన్నది ఎవరో ఎల్సీ మర్చిపోయి ఉండదు. "సోమవారం వెళ్దాంలే" అంది.

ఆదివారం పొద్దున వంటకి దుంపలు చెక్కు తీస్తూ గెర్టీ కుర్చీలోనే ఒరిగిపోయింది. గుండె. ఇన్నేళ్ళ జబ్బు రక్తనాళాల్ని తినేసిందని డాక్టర్ చెప్పాడు. తిన్నది జబ్బు, మిఠాయి కాదు. ఆయన స్పష్టంగానే చెప్పాడు. సమాధి దగ్గర్నుంచి హాల్లోకి వచ్చేసరికి మళ్ళీ మిఠాయే అయిపోయింది.

హాల్లో ఆ మాట అన్నప్పుడు మోనికా విన్నది. నోరు తెరిచింది. మూసుకుంది.

రొట్టె ఇప్పటికీ గెర్టీ ఫ్రిజ్ మంచు గదిలోనే ఉంది, ఎర్రగళ్ళ గుడ్డలో చుట్టి. మోనికా రెండు సార్లు బయటికి తీసి, మళ్ళీ పెట్టేసింది. ఎల్సీ ఇంకా ఆ వృద్ధాశ్రమంలోనే ఉంది. రోడ్డు మీద మంచు కరిగాక వెళ్తానంది మోనికా. అది కరిగి కూడా చాలా రోజులైంది.